గుమ్మంలో ఎర్ర పెట్టె

"పాప ఆ పెట్టెను దాటి ఎందుకెళ్ళిందమ్మా?" కంపెనీ ప్లీడరు మళ్ళీ అదే ప్రశ్న వేశాడు.

ఆమె బోనులో చెక్కను గట్టిగా పట్టుకుంది. జవాబు నాలుక చివరే ఉంది.

"తెలియదండీ," అంది.

అలా అనమని చెప్పింది ఆమె తరఫు ప్లీడరమ్మే. నిజం చెబితే ఒక్కో కోర్టులో ఒక్కోలా తిరగబడుతుందనీ, తెలియదన్న మాట ఎక్కడైనా పనికొస్తుందనీ ముందురోజే నూరిపోసింది.

పెట్టె జడ్జిగారి ముందు బల్లమీద ఉంది. లిఫ్ట్ మెకానిక్ పనిముట్ల పెట్టె. ఎర్రటి మూత నిండా సొట్టలు. మూలన సగం ఊడిన సీతాకోకచిలుక స్టిక్కరు. ఆమె ఆ స్టిక్కరు వైపు చూడకుండా ఉండటానికి ఫ్యాను వైపు చూస్తూ నిలబడింది.

లిఫ్ట్ తలుపు తెరిచి పనిచేసేటప్పుడు ముందు ఇనుప కంచె అడ్డం పెట్టాలి. కంచె బరువు. దాన్ని వ్యానులోంచి దింపి మెట్లమీదుగా మొయ్యాలి. అందుకని ఆ పనివాళ్ళు కంచెను వ్యానులోనే ఉంచి, తమ పెట్టెనే గుమ్మంలో అడ్డంగా పెట్టేస్తారు. పెట్టె ఉందంటే ఇటు రావద్దని అర్థం. ఆ రోజూ అందరికీ అర్థమైంది. పెట్టెను చూసి ఆగి, విసుక్కుని, మెట్లెక్కి పోయారు. తల్లితో పన్ను డాక్టరు దగ్గరికొచ్చిన తొమ్మిదేళ్ళ పాప ఒక్కతే ఆగలేదు. పెట్టె అవతల లిఫ్ట్ లేదు. చీకటి ఉంది. మెకానిక్ పైన మోటారు గదిలో ఉన్నాడు.

దీనికి ముందు క్రిమినల్ కోర్టు అయింది. అక్కడ అన్నయ్య ఆమె పక్కనే కూర్చుని, "వాడి మొహం చూడకు," అన్నాడు. ఆమె మొహం చూడలేదు. చొక్కా చూసింది. రెండో గుండీ వేరే రంగు దారంతో కుట్టి ఉంది.

కంచె పెట్టకపోవడం తప్పేననీ, కానీ ఏదో ఒక అడ్డు పెట్టాడు కాబట్టి ప్రాణమంటే లెక్కలేని మనిషి అనలేమనీ, జైలుకు పంపేంత అజాగ్రత్త కాదనీ అక్కడి జడ్జిగారు చదివారు. మెకానిక్‌ను వదిలేశారు. ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. ఏడుస్తోందనుకుని అన్నయ్య భుజం తట్టాడు.

"తప్పేనంటూనే వదిలెయ్యడం ఏమిటమ్మా?" అని బయటికొచ్చాక ప్లీడరమ్మను నిలదీశాడు.

"అజాగ్రత్త ఒకటే బాబూ, కొలిచే గిన్నెలే వేరు. జైలుకు పంపాలంటే పొంగి పొర్లాలి. నష్టపరిహారానికి గిన్నె తడిసినా చాలు."

"ఉద్యోగం పీకడానికి?"

"దానికి గిన్నె కూడా అక్కర్లేదు. రూలు పుస్తకం చాలు."

ఇప్పుడీ సివిల్ కోర్టు. ఇక్కడ మెకానిక్ అజాగ్రత్త నిజమే అన్నారు. అతని పనికి కంపెనీయే జవాబుదారీ అన్నారు. అన్నయ్య ముందుకు వంగాడు. జడ్జిగారు పేజీ తిప్పారు. తొమ్మిదేళ్ళ పిల్లకు అడ్డం పెట్టిన పెట్టె చూస్తే ఆగాలని తెలుస్తుందట. తెలిసీ దాటింది కాబట్టి తప్పులో కొంత వంతు పాపది. వచ్చే పరిహారంలో ఆ మేరకు కోత.

ఆమెకు ఆ తర్వాత ఏమీ వినపడలేదు. చేతిలో చాక్లెట్టు పెడితే సగం తుంచి ఎవరికో ఒకరికి ఇస్తే తప్ప తినని పిల్ల. దానికి తప్పులో వంతు.

"పాప తప్పు లేదని ఎవరూ రాయరా?" అని మెట్లమీద అడిగింది. ప్లీడరమ్మ ఫైలు సర్దుకుని మెట్లు దిగింది.

ఇక మిగిలింది కంపెనీ విచారణ ఒక్కటే. ఆమెను సాక్షిగా పిలిచారు. ఈసారి చెప్పేస్తానని ఇంట్లోనే గట్టిగా అనుకుని వెళ్ళింది. పెట్టె చూస్తే పాప ఎందుకు ఆగదో చెబుతుంది. ఎవరో ఒకరు దాన్ని కాగితం మీద పెడతారు. అంతే చాలు.

ఆఫీసరు మర్యాదస్తుడు. మంచినీళ్ళు తెప్పించాడు.

"గుమ్మంలో కంచె ఉందా అమ్మా?"

"లేదండీ. పాప పెట్టెనెందుకు దాటిందంటే..."

"అది మా పరిధిలోకి రాదమ్మా. కంచె లేదు. అంతేగా?"

"అంతేనండీ," అంది.

మెకానిక్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. "ఒక్కచోటైనా వాడికి తగిన శాస్తి జరిగింది," అని అన్నయ్య ఫోన్‌లో అన్నాడు. ఆమె ఊఁ కొట్టి పెట్టేసింది.

కోర్టులో వస్తువులు తిరిగి ఇచ్చేసిన రోజు సాయంత్రం ఆమె వసారాలో బట్టలు మడతపెడుతోంది. గేటు గడియ చప్పుడైంది. మెకానిక్ లోపలికొచ్చాడు. చేతిలో ఎర్ర పెట్టె. ఆమె మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడతపెట్టింది. అతను చెప్పులు విప్పి, పెట్టెను గుమ్మంలో అడ్డంగా దించాడు. రేకు నేలకు తగిలి ఖంగుమంది.

రోజూ ఆ చప్పుడు వినపడగానే "నాన్నొచ్చాడు" అంటూ పెట్టె దాటి దూకే కాళ్ళ కోసం, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఊపిరి బిగబట్టి లోపలి గది వైపు చూశారు.