సముద్రం మింగిన మాత్రలు

"నూతిలో పారేసీకు. మన ఉద్దానం నీళ్లకి ఉన్న రోగం సాల్దేటి? ఇలాగియ్యి, నాను సముద్రంలో కలిపీసొత్తాను" అని ఉమామహేశ్వరరావు చెయ్యి చాచాడు.

ధర్మారావు మాత్రల అట్టలు ఆ చేతిలో పెట్టేశాడు.

ధర్మారావుది జలంత్రకోట. కొబ్బరి రైతు. మొన్న ఆషాఢంలో పక్షవాతం వచ్చి, ఎడం చెయ్యి పడిపోయి, మెల్లగా తేరుకున్నాడు. టెక్కలి డాక్టరు చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పాడు.

"మీ గుండె తాళం తప్పి కొట్టుకుంటోంది. అందులో రక్తం గడ్డకట్టి మెదడుకి పోయింది. ఈ మాత్రలు గడ్డ కట్టనివ్వవు. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. బాగానే ఉంది కదా అని మానేశారో, మళ్లీ వస్తుంది. ఈసారి చేతితో పోదు."

ఉద్దానంలో మాత్ర అనగానే మనిషి చెయ్యి నడుం మీదికి పోతుంది. కిడ్నీలు ఉన్నాయో లేవో తడిమి చూసుకుంటాడు. వీధికి ఇద్దరు ముగ్గురు డయాలసిస్‌కి తిరిగే చోట ఆ భయం తప్పని ఎవరంటారు? ఉమామహేశ్వరరావు ఆ భయానికి నీళ్లు పోసి పెంచాడు.

ఆయన రిటైరైన గుమస్తా. ధర్మారావు పెదనాన్న కూతురు లక్ష్మీకాంతం మొగుడు. వరసకి బావ. ధర్మారావుకొచ్చిన జబ్బే ఆయనకీ రెండేళ్ల కిందట వచ్చింది. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తాడు.

"ఒక్క ఇంగ్లీషు మాత్ర మింగనేదు. తిప్పతీగ కషాయం, అంతే! నాను పలాస మందుల షాపు మెట్టెక్కగా ఎవుడైనా సూత్తే సెప్పుతో కొట్టండి" అని టీ బడ్డీ దగ్గర ఛాతీ విరుచుకుని చెబుతాడు. వినేవాళ్లు ఆ ఛాతీని చూసి నమ్ముతారు.

మందస వెంకటేష్‌దీ ఇదే జబ్బు, అతనూ అలాగే నమ్మాడు. అతని మాత్రలన్నీ ఉమామహేశ్వరరావే సముద్రం పాలు చేశాడు. వెంకటేష్ వైశాఖంలో పోయాడు. "ఆయుస్సు అంతే" అని తేల్చేసి, దినం భోజనాల దగ్గర కషాయం గురించి చెప్పి వచ్చాడు ఉమామహేశ్వరరావు.

ధర్మారావు పెళ్లాం జగదాంబకి ఈ సంగతులేవీ తెలియవు. ఆమె నెలనెలా పలాస బస్సెక్కి మాత్రలు తెచ్చి మొగుడి తలగడ కింద పెట్టేది. ఆమె అటు వెళ్లగానే బావ వచ్చి పట్టుకుపోయేవాడు. ఒక్క నెలా ఆలస్యం చెయ్యలేదు. ఓసారి అట్టలో రెండు తక్కువుంటే కోప్పడ్డాడు కూడా.

"రెండేవిరా? మింగీసినావేటి?"

"సెయ్యి తిమ్మిరెక్కితే బయిమేసి... మింగీసినాను బావా."

"బయంతోనే సగం కిడ్నీ పోతాది ఎర్రోడా!"

అంత శ్రద్ధ గల బావ ఎవరికి దొరుకుతాడు?

దసరా వెళ్లాక ఓ పొద్దున ధర్మారావు చేతిలోంచి అంబలి గ్లాసు జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. కాసేపటికి సర్దుకుంది గానీ జగదాంబ ఆగలేదు. ఆటో కట్టించి టెక్కలి లాక్కుపోయింది.

"మాత్రలు వేసుకుంటున్నారా?" అని డాక్టరు అడగ్గానే, బావ వాటిని సముద్రంలో కలిపేస్తున్నాడని ధర్మారావు ఒప్పేసుకున్నాడు.

"ఇది హెచ్చరిక" అన్నాడు డాక్టరు, తలకి స్కానింగ్ తీయించి చూసి. "గట్టెక్కారు. మాత్ర ఇవాళే మొదలెట్టండి."

తిరుగు బస్సులో జగదాంబ అందరూ వినేలా మొగుణ్ని కడిగేసింది. "సముద్రానికి పచ్చవాతమొచ్చినాదేటి, దానికి మాత్రలెయ్యడానికి?"

ఆ రోజు నుంచి మాత్రలు ఆమె రొంటినే ఉన్నాయి. పూటపూటా మింగించి, "నోరు తెరు. నాలిక పైకెత్తు" అని చూస్తే గానీ మొగుణ్ని వదిలేది కాదు.

ఎప్పట్లాగే ఉమామహేశ్వరరావు వచ్చాడు. తలగడ ఎత్తి చూశాడు.

"ఈ నెలవేవిరా?"

"మీ సెల్లి రొంటినున్నాయి బావా."

ఆయన పెరట్లోకి నడిచాడు. "సెల్లెమ్మా, ఆడి కిడ్నీలేటైపోవాల? ఇలాగియ్యి తల్లీ."

"కిడ్నీల సంగతి డాక్టరు రగతం తీసి సూత్తన్నాడన్నయ్యా. నువ్వెల్లి నీ కషాయం తాగు."

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. మొదట బెదిరించాడు. తర్వాత బతిమాలాడు. సగమైనా ఇమ్మన్నాడు. బావమరిది మీద ఆయనకున్న బెంగ చూసి వీధి ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

వారం తిరక్కుండా లక్ష్మీకాంతం జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో, జగదాంబా! మీ అన్నయ్యకి మళ్లీ మూతి వంకరపోయినాదే. సెయ్యి లెగట్నేదు, మాట రాట్నేదు!"

ధర్మారావు అంబులెన్సుకి ఫోన్ కొట్టాడు.

జగదాంబ ఆమెని పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది. "అదేటి వదినా! కషాయం మానేసినాడేటి?"

"కషాయం రోజూ తాగతానే ఉన్నాడే..." లక్ష్మీకాంతం ఏడుస్తూ ఆమె రొంటి వైపు చూసింది, "ఈ నెల మీ మాత్రలే రానేదు!"