పదకొండో పేరు

"గిది గోదావరి."

ముసలామె వేలు పెట్టిన చోట ఫొటో అద్దం మీద మరక పడింది. ఆశా లోపలే విసుక్కుంది. పొద్దున్నే తుడిచిన అద్దం.

నిజామాబాద్ స్టేడియం మెట్ల పక్కన ఒక బల్ల, బల్ల మీద పాత ఫొటోలు, వెనక ఆశా. ఆమె బోధన్ బడిలో పీఈటీ టీచర్. జాతీయ మహిళల ఫుట్‌బాల్ కప్పు చరిత్ర రాస్తున్నానంటే తోటి టీచర్లు జాలిగా చూసేవారు. రెండేళ్ళుగా ఆమె సెలవులన్నీ ఆ పుస్తకానికే పోయాయి. ఇంట్లో పలకరించే దిక్కు లేని మనిషికి అదే తోడు.

నలభై ఏళ్ళ కిందట ఈ జిల్లా ఆడపిల్లలు పదకొండు మంది, మూడు రైళ్ళు మారి, ఆ కప్పు ఫైనల్ దాకా వెళ్ళారు. ఫొటో మిగిలింది, పేర్లు మిగల్లేదు. ఒక్క ముఖం కూడా పేరు లేకుండా అచ్చు కాకూడదని ఆశా పంతం. ఎల్లుండి పుస్తకం ప్రెస్సుకు పోవాలి.

ఎవరైనా గుర్తుపడతారని బల్ల వేస్తే, పొద్దుటి నుంచి ఆగింది ఇద్దరే. ఒకాయన బాత్రూం ఎటని అడిగిపోయాడు. రెండో మనిషి ఈమె.

"గోదావరి అని నీకెట్ల తెలుసవ్వా?"

"తెల్వకేంది? జొన్నరొట్టె లేంది దీనికి ముద్ద దిగకపోతుండె. గీమె ధనలక్ష్మి, గోల్‌కీపర్. పప్పు పడకపోతుండె, పులుసు వేరేగ పెడుతుంటి. ఇప్పుడు మాక్లూర్ల బీడీలు చేస్తది."

ఆశా గబగబా పెన్ను తీసింది.

"టీంతోని వంటకు పోయినవా అవ్వా?"

ముసలామె కొంగుతో అద్దం మీది మరక తుడిచింది.

"ఆఁ, వండిన."

ఇంకేం, ఆశాకు అంతా తేలిపోయింది. ఎవరికి ఏది పడదో తెలిసిన మనిషి వంటమనిషి కాక ఇంకెవరవుతుంది! చాయ్ తెప్పించింది, కుర్చీ వేసింది.

గంటలో పది పేర్లు, పది ఊళ్ళు దొరికాయి.

"గీ చివర్ది సువర్ణ. ఇంటి మీద బెంగతోని ఏడుస్తుండె. ధర్పల్లిల టీచరమ్మ అయ్యి రిటైరైంది."

"నడుమ కూసున్నామె ఎవరవ్వా?"

చెమ్మ తగిలి ఆ ముఖం చెరిగిపోయింది. ముసలామె దాని వంక చాలాసేపు చూసింది.

"గామె పేరు నేనెందుకు చెప్పాలె బిడ్డా? వీళ్ళల్ల ఎవర్నన్న అడుగు. యాదికుంటే వాళ్ళే చెప్తరు."

"ఎల్లుండే అచ్చు అవ్వా, టైం లేదు."

"ఒక్కర్ని అడుగు, సాలు."

ఆ గొంతులో బతిమాలుడు ఉంది.

"సరే, అడుగుత" అంది ఆశా. "ఇంట్ల ఎవరున్నరవ్వా?"

"గోడలున్నయి."

నవ్వుతూనే అంది. దవాఖాన చీటీ కొంగున ముడేసుకుని, వర్ని బస్సుకు వేళయిందని లేచి వెళ్ళిపోయింది. ఆమె పేరు అడగనే లేదని ఆశాకు చాలాసేపటికి గాని తట్టలేదు.

అడుగుతానన్న మాటా నిలబెట్టుకోలేదు. పది పేర్లు దొరికిన సంబరంలో ఆ రెండు రోజులు ఇట్టే గడిచిపోయాయి.

పుస్తకం వచ్చింది. ఫొటో కింద పది పేర్లు, నడుమ 'పేరు తెలియదు'. చివరి పేజీలో 'ఈ వివరాలు చెప్పిన, జట్టుకు వంట చేసిన అవ్వకు కృతజ్ఞతలు'. ఆ ఒక్క వాక్యం రాసినందుకు ఆశాకు తన మీద తనకే కాస్త గౌరవం కలిగింది.

నెల తిరిగాక ఒక ఆదివారం పుస్తకం పట్టుకుని ధర్పల్లి వెళ్ళింది.

సువర్ణ కళ్ళద్దాలు పెట్టుకుని ఫొటో దగ్గర ఆగిపోయింది.

"నడుమామె పేరెందుకు లేదు? నన్నడిగితే చెప్పకపోదునా?"

"టైం లేకుండె ఆంటీ" అంది ఆశా, సిగ్గుపడుతూ.

సువర్ణ చివరి పేజీ తిప్పింది.

"గీ వంట చేసిన అవ్వెవరు?"

"వర్ని నుంచి వచ్చింది. ఒక్కతే ఉంటదట. మీ అందరి సంగతులు ఆమెనే చెప్పింది. రేపు పోయి ఆమెకు సుత పుస్తకం ఇస్త."

సువర్ణ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇయ్యలేవు బిడ్డా. పోయిన బుధవారం వర్ని చర్చి పాస్టర్ ఫోన్ చేస్తే ఉరికిన. మోసేటందుకు నలుగురు సుత లేకుండె."



"ఎవరు ఆంటీ? మీ వంటామెనా?"

"మాకు వంటామె ఎక్కడిది బిడ్డా? తెల్లారక ముందే లేసి మా పదిమందికి బువ్వ వండిపెట్టి, బంతి చంకల వెట్టుకొని అందరికంటె ముందు గ్రౌండ్ల దిగుతుండె, మా కెప్టెన్ రూతమ్మ."