పంచదార నీళ్ళు

టెక్కలిలో బస్సు కదిలీ కదలక ముందే అమ్ములు మళ్ళీ కక్కింది.

ఏడు నెలల పిల్ల. మెడ నిలపలేక తల్లి తిరుమల భుజం మీద వాలిపోయింది. నుదురంతా చల్లటి చెమట.

పలాస ఆసుపత్రి ఇంకా చాలా దూరం. మొగుడు ఢిల్లీరావు వేటకెళ్ళి సముద్రం మీద ఉన్నాడు. పొద్దున పుట్టింటి ఊళ్ళో ఎస్టీడీ బూత్ నుంచి కబురు చేస్తే, అత్త ముసలమ్మ తిన్నగా ఆసుపత్రికే వస్తానంది.

“నీరసం అమ్మా. పంచదార నీళ్ళు పట్టించు,” అన్నాడు ముందు సీటాయన.

“కూసింత తేనె నాకించు,” అంది వెనకావిడ.

బస్సులో సలహాలకు టిక్కెట్టు అక్కర్లేదు.

తిరుమల సంచిలోంచి పాలసీసా తీసింది. అందులో ఉన్నవి పంచదార నీళ్ళే. కొన్నాళ్ళుగా ఇదే పని. పిల్ల కక్కుతుంది, వడిలిపోతుంది, ఈమె ఇంకాస్త తియ్యగా కలిపి పడుతుంది.

పక్కన కూర్చున్న ఆమె కాళ్ళ దగ్గర ఎండుచేపల బుట్ట ఉంది. ఎక్కినప్పటి నుంచీ పిల్లనే చూస్తోంది. ఆ చూపు తిరుమలకి నచ్చలేదు.

“ఏ ఊరమ్మా మీది?” అడిగిందామె.

“కన్నోరిది భావనపాడు. అత్తోరిది బారువ కాడ. ముసలమ్మ కోడల్ని.”

ముసలమ్మ పేరు వినగానే ఆమె పిల్ల మీదకి వంగింది.

“గుంట మెడలో ఆ తాయెత్తేటి?”

“మా అత్త కట్టింది. మాయింట్లో పిల్లలు నిలవరట. సెడ్డ కన్ను పడకుండా కట్టింది.”

“ఈ వాంతులు ఎప్పట్నుంచి? అన్నం ముట్టించిన కాడ్నుంచా?”

తిరుమల ఉలిక్కిపడింది. “అవునప్పా. నీకెలా తెలుసు?”

“బెల్లం పరవాన్నం పెట్టినారా?”

“అందరూ పెట్టేది అదే కదా!”

“ఉత్త నీ పాలు తాగినన్నాళ్ళూ బాగుండేదా?”

“బాగుండేది. ఇదంతా నీకెందుకు?”

విసుక్కుంటూ తిరుమల సీసా పిల్ల నోటి దగ్గర పెట్టింది. ఆమె ఒక్క ఊపున దాన్ని లాక్కుని కిటికీలోంచి విసిరేసింది.

“ఓలమ్మో! నా గుంట నోటికాడ సీసా!”

బస్సంతా లేచింది. పిచ్చిదన్నారు. పిల్లల్ని ఎత్తుకుపోయే రకమన్నారు. ఎవరో ఆమె జబ్బ పట్టుకున్నారు.

“ఇనుకోయే!” ఆమె గింజుకుంటూ అరిచింది. “తీపి ఆ గుంటకి ఇసం. పంచదారా, బెల్లం, తేనె, పళ్ళు ఏటీ ముట్టనీకు. నీ పాలే పట్టు. డాక్టరుకీ ఈ మాటే సెప్పు!”

“తీపి విషమట!” ఎవరో పగలబడి నవ్వారు.

“దింపీండి బాబూ దీన్ని,” అంది తిరుమల ఏడుస్తూ.

నందిగాం దాటాక కండక్టరు బస్సు ఆపించి, మండుటెండలో రోడ్డు మీద ఆమెను దింపేశాడు. బుట్ట వెనకే వెళ్ళింది. చేపలు దుమ్ములో పడ్డాయి. ఆమె వాటిని చూడను కూడా చూడలేదు.

“నీ కాళ్ళట్టుకుంతాను తల్లీ! తీపి పెట్టకు!” బస్సు పక్కనే కొంత దూరం పరుగెత్తింది.

బస్సు ముందుకుపోయింది. అమ్ములు కళ్ళు తేలేస్తోంది.

వెనకావిడ జీడిమామిడి పండొకటి చేతిలో పెట్టింది. “రసం పిండమ్మా, సత్తువొస్తాది.”

తిరుమల పండుని పిల్ల పెదాల దాకా తీసుకెళ్ళింది. పరుగెత్తిన ఆ మనిషే కళ్ళ ముందు కనిపిస్తోంది. పండు పక్కన పెట్టేసి, పిల్లని రొమ్ముకి అదుముకుంది.

పలాసలో డాక్టరు నీలకంఠం గబగబా సూది గుచ్చి రక్తం చుక్క పరీక్ష చేశాడు. ముఖం మారింది. వెంటనే గ్లూకోజ్ ఎక్కించమన్నాడు.

“తీపి పెట్టొద్దంది బాబూ ఒకామె,” తిరుమల చెప్పింది. “అన్నం ముట్టించిన కాడ్నుంచేనా అనడిగింది.”

డాక్టరు ఆమె వంక తిరిగాడు. “మళ్ళీ చెప్పమ్మా.”

పొద్దు వాలేలోగా అమ్ములు కళ్ళు తెరిచింది. పాల కోసం గట్టిగా ఏడ్చింది. అప్పటికి ముసలమ్మ కూడా వచ్చి మంచం దగ్గర నిలబడింది.

“పుస్తకాల్లో చదివాను గానీ చూడటం ఇదే,” అన్నాడు డాక్టరు. “పంచదార, బెల్లం, తేనె, పళ్ళలో ఫ్రక్టోజ్ అని ఒక చక్కెర ఉంటుంది. కొందరి కాలేయం పుట్టుకతోనే దాన్ని అరాయించుకోలేదు. తిన్నది తీపే, అయినా రక్తంలో గ్లూకోజ్ పడిపోతుంది. తల్లీ తండ్రీ ఇద్దరి రక్తంలోనూ దాగి ఉంటేనే పిల్లకొస్తుంది. పెద్ద పరీక్ష విశాఖలో చేయిద్దాం. ఇంకొక్క సీసా పట్టుంటే మాత్రం పిల్ల మనకి దక్కేది కాదు. ఎవరామె? పిలవండి, దండం పెడతాను.”

“ఎక్కడని పిలవను బాబూ! నా ఊరు ఆమె అడిగింది గానీ, ఆమె ఊరు నానడగలేదు. బస్సులోంచి దింపించీసినాను,” తిరుమల భోరుమంది.

“ఎలాగుంటాదే ఆ మనిసి?” ముసలమ్మ తిరుమల భుజం పట్టుకుంది.

“పొడుగ్గా, సన్నగా ఉంది. ఎడం చెంప మీద కాలిన మచ్చుంది.”

ముసలమ్మ మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది.

“ఆ మచ్చ నా అట్లకాడదే. రెండో గుంట పోయిన్నాడు కూడా ఇదే మాట సెప్పి ఏడిసింది, తీపి ఇసమని. నాను ఇన్లేదు.”

“ఎవలత్తా ఆమె?”

ముసలమ్మ లేచి మనవరాలి మెడలోని తాయెత్తు తెంపేసింది. కన్న ఇద్దరు బిడ్డల్నీ మింగేసిందని తాను వాత పెట్టి గెంటేసిన మొదటి కోడలు, ఢిల్లీరావు మొదటి పెళ్ళాం, పారమ్మ కన్ను పడకుండా కట్టిన తాయెత్తు అది.