దీవివాళ్ళ మాటలు

"రెండుమాట్లు తిప్పి పంపేసారు బాబూ. ఈపాలి సున్నమెయ్యకపోతే సూపర్‌వైజర్ సాబ్ ఊరుకోడు," అన్నాడు పోలయ్య, బకెట్ దించి.

మా క్వార్టరు వంటింటి గోడమీద నా భార్య సూర్యావతి బొగ్గుతో రాసిన మూడు వాక్యాలున్నాయి. ఆమె పోయి ఏడాదైంది. రాత పోనివ్వను.

"ఏటి బాబూ అయ్యి?"

"అగ్నిపర్వతం పేలి, ఒక దీవి జనాన్ని ఇంగ్లండు తీసుకెళ్ళారు. వెనక్కి పోతామంటూ వాళ్ళన్న మాటలు. ఇంగ్లీషు పేపరు నేను చదివి చెబితే రాసుకుంది."

విసుగ్గా, మొదటిసారి పైకి చదివాను.

"మమ్మల్ని మా ఇళ్ళకు పంపండి."

"మా బంగాళాదుంపలు మేమే పండించుకుంటాం."

"క్వార్టరు బాగుంది. సముద్రం వినబడదు."

"ఇంగ్లండులోనూ క్వార్టర్లేనా బాబూ?"

పేపర్లో ఆ మూడో మాట నేను చదవలేదు. సూర్యావతిది భీమిలి, సముద్రం ఒడ్డునే ఇల్లు.

"పై రెండిటిమీదా సున్నం కొట్టెయ్," అన్నాను. "మూడోదాని జోలికి రాకు."