చెరగని గొంతు

"టేపు తిరగతాంది గానీ మన పాట రాలేదక్కా! ఎవురో తుడిచేసినారు!" చర్చిలో సింథసైజర్ వాయించే నతానియేలు లూదియాను కేకేశాడు. ఆల్బం తీసుకుని మద్రాసు బస్సెక్కడానికి ఇంక గంటే ఉంది.

"ఇంకెవురు, ఇన్నాళ్లూ చర్చిలో పాడే ఆళ్లగడ్డ శాంతమ్మే," అన్నాడు లూదియా భర్త దేవసహాయం. "ఆర్నెల్ల నుంచి మీరిద్దరే ఆ రికార్డింగు పెట్టె కాడ కూచుంటిరి. కడుపు మండదా ఆయమ్మకు? ఇంక చర్చిలో పాడనీకూడదు."

"ప్రభువు సాక్షి, నేను ముట్టలేదమ్మా!" పక్కనే ఉన్న శాంతమ్మ బావురుమంది.

"టేపు ఆపొద్దు, ఉండండి," అంది లూదియా.

సింథసైజర్‌తో మొదలవ్వాల్సిన చోటు ఖాళీగా గడిచాక వయొలిన్లు లేచాయి. వాటిమీద పాశ్చాత్య ఒపెరా బాణీలో లూదియా గొంతు పైపైకి ఎగిసింది. ఒకే టేపు మీద విడివిడి ట్రాకుల్లో రికార్డు చేసిన వాటిలో నతానియేలు వాయించిన సింథసైజర్ ఒక్కటే మాయమైంది.

లూదియాకు విషయం అర్థమైంది.

"శాంతమ్మకు కుళ్ళుంటే నా గొంతు తుడిచేది. ఇది చేసినాయనకు నా గొంతు ముట్టనీకి చేతులు రాలేదు. నీ వాయిద్యం మీదనే కుళ్ళంతా, నతానియేలూ."

"ఎవురక్కా?"

పెళ్లైన నాటినుంచి భర్త పేరు పలకని లూదియా ఆయన కళ్లలోకే చూసింది.

"దేవసహాయం."