ఏరి తెచ్చిన చేపలు

1980 శ్రావణంలో ఒక ఉదయం జాలరి దానమ్మ చేపల బుట్టను నా ప్రయోగశాల బల్లపై కుమ్మరించి, కత్తితో ఒక్కొక్కటే చీల్చింది.

“చూడండి మేడంగారూ! భవానీపురం రేవులో పట్టిన ఆడచేపలివి. గుడ్లు పెట్టే కాలం, ఒక్కదాని కడుపులోనూ గుడ్డు లేదు. కరెంటు ఫ్యాక్టరీ వేడినీళ్ళు కృష్ణలో కలిసినా చేపలకేం కాదని రాసిన మహాతల్లి మీరేనంటగా?”

నాకు ఒళ్ళు మండింది. విద్యుత్కేంద్రంలో రెండో యంత్రానికి అనుమతి నా నివేదిక మీదే ఆధారపడి ఉంది.

“రెండేళ్ళు ఇక్కడి తొట్టెల్లో అంతే వేడినీటిలో చేపలను ఉంచి, వాటి ఊపిరిని కొలిచాను. ఒక్కటీ చావలేదు. ఆ చేపలు తెచ్చిచ్చింది నువ్వే కదా?”

“నేనేనండీ. గుడ్డు చేపని పరీక్షలకిస్తే గంగమ్మతల్లి ఊరుకుంటదా? కడుపు నొక్కి చూసి, ఆడవాటిని ఏట్లో వదిలేసి, మగవే ఏరి తెచ్చా.”

“ఆ మాట నాకెందుకు చెప్పలేదు?” అని అరిచాను.

“మీరడిగారా? అంత చదువుకున్నోరు, ఆడదో మగదో చూడకుండానే రాసేస్తారని నాకేం తెలుసు!”

నివేదిక చివరి పుట తిప్పాను. “సంతానోత్పత్తికి హాని లేదు.” పరీక్షించకుండా, బతికిన చేప గుడ్లు పెట్టకపోతుందా అన్న ధీమాతో నేను రాసిన వాక్యమది. ఆ చేతిని విరగ్గొట్టాలనిపించింది.

అదే చేత్తో కాగితం తీసి ప్రభుత్వానికి రాశాను: “నా నివేదిక తప్పు. అనుమతి ఆపండి. ఇట్లు, శివపార్వతి.”

ముప్పై ఏళ్ళలో మొదటిసారి పేరు పక్కన డిగ్రీలు రాయలేదు.