గీత పైనున్న ముక్కోణం

సుగ్రాబీ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. తెల్లారితే మరిది బడే సాబ్‌కి పదో రోజు ఫాతెహా చదివిస్తారు. నలుగురికి వండి పెట్టాలి. ఆదోని దూది మిల్లులో ఆవిరి ట్యాంకు పగిలి అతను పోయిన రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా ఏడవలేదు. గట్టిగా మాట్లాడలేదు కూడా.

మిల్లు ఇంజనీరు కృష్ణమూర్తి కాగితం చుట్ట ఒకటి పట్టుకుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఎదురుగా నేల మీద సుగ్రాబీ భర్త ఖలందర్. ఆ ట్యాంకుకి వెల్డింగ్ చేసింది అతనే. దాని పక్కన నిలబడి చనిపోయింది అతని తమ్ముడే.

“ఈ వాంగ్మూలం మీద వేలిముద్ర వెయ్యి ఖలందర్. డ్రాయింగు తప్పుగా చదివానని రాసుంది. అంతే.”

“వేస్తా సార్. నేనే తప్పు సదివినా.”

ఖలందర్ చెయ్యి చాచాడు. తల్లి ఖాతూన్ బీ ఆ చెయ్యి పట్టేసుకుంది.

“ఇది వేస్తే ఏమయితాది సారూ?”

“పని పోతుంది. పోలీసులు కేసు కూడా పెట్టొచ్చు. నా చేతుల్లో లేదమ్మా.”

“ఒక కొడుకుని మట్టిలో పెట్టొస్తి. ఇంకొగన్ని జైల్లో పెడతారా? నా కొడుకు సూది దూరేంత సందు గూడా ఇడిసిపెట్టడు. మీ డ్రాయింగే తప్పుంటాది. అది గీసిన బొంబాయోళ్లు తప్పు సేస్తే ఆదోనోడు జైలుకి పోవాల్నా?”

కృష్ణమూర్తి కాగితం చుట్ట విప్పి మంచం మీద పరిచాడు. నీలం కాగితం. దాని మీద తెల్లని గీతలు.

“ఇదుగో, ఈ బాణం ట్యాంకు అడుగు పలకని చూపిస్తోంది. గీత కింద ముక్కోణం ఉంటే బాణం ఉన్నవైపు వెల్డింగ్ చెయ్యాలి. అంటే బయట. గీత పైన ఉంటే అవతలి వైపు. అంటే ట్యాంకు లోపల. ఇక్కడ పైనా ఉంది, కిందా ఉంది. మీవాడు బయట ఒక్కటే చేశాడు. లోపల అతుకు లేకే పగిలింది.”

“నాకేం తెలుస్తాదప్పా! నా కంటికి రెండు సమోసాల మాదిరి ఉండాయి.” ఖాతూన్ బీ కాగితం మీదికి వంగి చూసింది. “ఆ పైది మీరు గీసిందే. మనిషి సచ్చినాక, మీ మీదికి రాకుండా, తెల్ల సుద్దతో గీసుకోనొచ్చినారు.”

“ఏం మాటలమ్మా అవి! వెల్డింగ్‌కి ముందు మీవాడు ఇదే కాగితం సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి పొద్దున తెచ్చిచ్చాడు. ప్రతి కాగితమూ అంతే. ఇంటి దగ్గర నిదానంగా చదువుకుంటానంటే నేనే ఒప్పుకున్నాను.”

సుగ్రాబీ చాట పక్కన పెట్టి లేచింది.

“నువ్వు లోపలికి పో,” అన్నాడు ఖలందర్.

“ఒక్కసారి సూస్తా.”

“నీకెందుకు? పో అంటాండా కదా!”

ఆమె పోలేదు. కొంగు సర్దుకుని మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. ఒక చోట వేలు పెట్టింది. “ఈడ, గీత మలుపు కాడ సున్న ఉండాది. అంటే సుట్టూరా వెల్డింగ్ సేయాల. కదా సార్?”

కృష్ణమూర్తి ఆమె వైపు తిరిగాడు. “అవును. నీకెవరు నేర్పారు?”

“ఆయనే.”

ఖాతూన్ బీ ముఖంలోకి ఇన్నాళ్లకి కొంచెం రంగు వచ్చింది. “సూసినారా సారూ! కోడలికే ఇంత తెలిస్తే, నేర్పినోనికి తెల్దా? సెప్పమ్మా సుగ్రా, భయపడొద్దు. ఆ పైది ఈళ్లు గీసిందే కదా? తుడిస్తే పోతాది. తుడిచి సూపించు.”

సుగ్రాబీ వేలు నాలుకకి తడి చేసుకుంది. గీత పైనున్న ముక్కోణం మీద రుద్దింది. మళ్లీ తడి చేసుకుని రుద్దింది. వేలు తిప్పి చూసుకుంది. తెలుపు అంటలేదు. ముక్కోణం అట్లాగే ఉంది.

“సుగ్రా, ఊకుండు,” అన్నాడు ఖలందర్. ఈసారి అతని గొంతులో కోపం లేదు.

“వెల్డింగ్ మంటకి ఆయన కండ్లు మసకబడి రెండేండ్లాయ సార్. పని తీసేస్తారని మీకు సెప్పలేదు. కాగితాలన్నీ నేనే సూసి సెప్తా.” ఆమె ఇంకా వేలు వైపే చూస్తోంది. “ఆ పొద్దు జొన్నరొట్టె తడతా సూసినా. గీత పైన తెల్లగుంటే, నా సేతి పిండి పడిందనుకుంటి. కిందది ఒక్కటే సెప్తి.”

ఖాతూన్ బీ కొడుకు చెయ్యి వదిలేసింది. చెప్పులు తొడుక్కుని ఇంట్లోంచి వెళ్లిపోయింది.